ఎండ తిన్న కొస

తాడు తెగిందని కబురొచ్చి నేను వెళ్లిన ప్రతిచోటా మొదట వినపడే మాట ఒకటే. "నిన్నటిదాకా బాగుండె మేడమ్." లారీ మీద సరుకు బిగించినవాళ్లూ ఇదే అంటారు, గొర్రెల దొడ్డికి వల కట్టినవాళ్లూ ఇదే అంటారు, బోరులో మోటరు వేలాడదీసినవాళ్లూ ఇదే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్ల కంటికి అది బాగానే ఉంటుంది. అది ఎప్పటినుంచి బాగాలేదో కనిపెట్టడమే నా ఉద్యోగం.

అనంతపురం శివార్లలో తాళ్లు, దారాలు తయారుచేసే ఒక మిల్లులో, పరీక్షల గదిలో చేరాను. అదే గదికి పెద్దనై రిటైరయ్యాను. మధ్యలో ఏ హోదా ఎప్పుడొచ్చిందో చెబితే వినేవాళ్లకు ఆవులింతలు వస్తాయి, చెప్పే నాకూ వస్తాయి. ఈమధ్య మిల్లులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, పుస్తకాల్లో ఉన్నది తమకు తెలుసనీ, మిగతాది చెప్పమనీ అడిగారు. తెలుసో లేదో చూద్దామని ఒకటి రెండు ప్రశ్నలు వేశాను. తెలియదు. అందుకని పుస్తకంలో ఉన్నది కూడా కొంచెం చెప్పి మొదలుపెడతాను.

పోగు లోపల

మనవైపు ప్లాస్టిక్ తాడు ఏదైనా నైలాన్ తాడే. అంగట్లో అడిగేది ఆ పేరుతోనే, ఇచ్చేదీ ఆ పేరుతోనే. నిజానికి పల్లెల్లో కనిపించే నీలం, ఆకుపచ్చ తాళ్లలో చాలావరకు నైలాన్ కాదు, పాలీప్రొపిలీన్. నీళ్లలో వేస్తే ఇది తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. కొనేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. తెగినప్పుడు మాత్రం పట్టించుకోవాల్సి వస్తుంది.

పేరు ఏదైనా లోపల ఉండేది పాలిమర్, అంటే గొలుసుల్లాంటి చాలా పొడవైన అణువులు. కరిగించి సన్నటి రంధ్రాల గుండా పోగు తీసినప్పుడు ఆ గొలుసులు చిక్కుపడిన జుట్టులా ఉంటాయి. ఆ పోగును వేడి మీద సాగదీస్తే, దువ్వెన పెట్టి దువ్వినట్టు చాలావరకు ఒకే దిక్కుకు తిరుగుతాయి. బలం అక్కడినుంచి వస్తుంది. కాని ఎంత దువ్వినా అన్నీ ఒక్క తీరుగా రావు. కొన్నిచోట్ల గొలుసులు ఒత్తుగా పేర్చినట్టు ఉంటాయి. ఒక ఒత్తైన చోటినుంచి ఇంకో ఒత్తైన చోటికి మధ్యలో కొన్ని గొలుసులు మాత్రమే దాటి ఉంటాయి. బరువు మోసేవి ఆ దాటిన గొలుసులే. వాటిలో పొట్టిది ముందు బిగుసుకుంటుంది. మిగతావి వదులుగా ఉండగానే తన మీద పడిన భారానికి తెగుతుంది. అప్పుడు దాని భారం పక్కదాని మీద పడుతుంది.

పెళ్లిలో నలుగురు కలిసి అన్నం గుండిగ ఎత్తడం చూసే ఉంటారు. అందరికంటే ముందు లేచినవాడి నడుం మీదే బరువంతా పడుతుంది. వాడు వదిలేస్తే రెండోవాడి నడుం పోతుంది. పోగు లోపల జరిగేదీ ఇంతే.

గొలుసులు ఒక్కొక్కటిగా తెగి, ఆ చోట కంటికి కనపడని బొక్క పడుతుంది. బొక్కలు కలిసి చీలిక అవుతాయి. చీలిక ఒక హద్దు దాటాక మిగిలిన భాగం ఒక్కసారిగా పోతుంది. మనం వినే చప్పుడు ఆ చివరిదానిది మాత్రమే. బరువు తక్కువైనా ఏళ్ల తరబడి వేలాడితే పోగు మెల్లగా సాగి సాగి తెగుతుంది. ముడి వేస్తే, ముడిలోకి తాడు వంగే చోట బయటివైపు పోగులు బిగుసుకుంటాయి, లోపలివైపువి నలుగుతాయి. తాడు బలంలో సుమారు సగం అక్కడే పోతుంది. ఎండ పని వేరు. ఎండ లాగదు, గొలుసులను మధ్యలో తుంచుతుంది. ఎండను తట్టుకునే మందు కలపని పాలీప్రొపిలీన్ తాడును మన ఎండలో కొన్ని వేసవులు వదిలేస్తే, గోటితో గీకినప్పుడు పైపోగులు పొడిపొడిగా రాలతాయి. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. ఇకమీదిది లేదు.

శేషగిరిరావు గారు

నాకు పని నేర్పింది శేషగిరిరావు గారు. కోస్తా మనిషి. మిల్లు మొత్తానికీ ఆయనే మేనేజరు, వయసు దాటినా యజమానులు ఆయన్ని వదల్లేదు. మా ఊరి ఎండ మీద ఆయనకు ఎప్పటికీ తీరని కోపం ఉండేది. ఆఫీసులో కూలరు ముందు కూర్చుని, ఈ ఎండలో మనుషులెలా బతుకుతున్నారని నన్నే నిలదీసేవారు. పామిడిలో పుట్టి పెరిగిన నేను ఏం చెబుతాను? బతికే ఉన్నాం కదండీ అనేదాన్ని.

ఆయన నేర్పిన పాఠం ఒకటే. తెగిన రెండు కొసలూ చేతికి వచ్చేదాకా ఎవరి మాటా వినొద్దు అనేవారు. మనిషి తన మీదికి రాని విధంగా చెబుతాడు, కొసకు ఆ బాధ లేదు అనేవారు. కత్తితో కోసిన కొస ఎలా ఉంటుంది, లాగి తెంపిన కొస ఎలా ఉంటుంది, రాపిడికి పోయినది ఎలా నూగు లేస్తుంది, ఎండకు పోయినది ఎలా మొండిగా విరుగుతుంది అన్నది నాకు భూతద్దంలో వందలసార్లు చూపించారు. కళ్లు నీళ్లు కారేవి. ఆయన వదిలేవారు కాదు.

ఆ పాఠం విలువ రాయదుర్గంలో తెలిసింది. అక్కడ జీన్స్ కుట్టే ఒక చోట మా దారం పదేపదే తెగుతోందని గొడవ. కుట్టే ఆడవాళ్లు దారం బాగాలేదన్నారు. యజమాని ఆడవాళ్లకు పని బాగా రాదన్నాడు. మా శేషగిరిరావు గారు చూడకుండానే, ఉతికే మందు తగిలి ఉంటుందన్నారు. ముగ్గురూ తప్పే. తెగిన కొసను భూతద్దం కింద పెడితే చివర ఆవగింజలో సగమంత పూస ఉంది. కరిగి గడ్డకట్టిన పూస. మందమైన గుడ్డ మడతల మీద మిషన్ వేగంగా పోతుంటే సూది కాలిపోయేంత వేడెక్కుతోంది. మిషన్ తిరుగుతున్నంతసేపు దారం కదులుతూ ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. ఆపిన మరుక్షణం సూది బెజ్జంలో దారం నిలబడి కరుగుతోంది. సూది మార్చి, వేగం తగ్గిస్తే గొడవ ఆగిపోయింది. తిరిగొచ్చి చెబితే శేషగిరిరావు గారు తను ముందు అన్నది మరిచిపోయి, చూశావా, కొస చెప్పింది అని సంబరపడ్డారు.

ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. కొసలను చదవడంలో ఆయనంత మనిషిని నేను చూడలేదు. మనుషుల దగ్గర కూర్చుని వినడం మాత్రం ఆయనకు చేతకాదు. కొస ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. ఇది నాకు తెలిసింది నల్లమాడ దగ్గర, నేను రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక.

నారాయణప్ప బోరు

ఎండాకాలం. నల్లమాడ దగ్గరి ఒక పల్లె నుంచి ఫిర్యాదు వచ్చింది. నారాయణప్ప అనే రైతు బోరులో మా మిల్లు తాడు తెగి మోటరు అడుక్కి పడిపోయింది. మన దగ్గర బోర్లలో మోటరును ప్లాస్టిక్ పైపుకు బిగించి దించుతారు. దాని బరువు పైపు మీదే పడకుండా పక్కన తాడు కట్టి, పైకొసను బోరు పక్కన నిలువుగా పాతిన రాతికూసానికి బిగిస్తారు. తాడు తెగితే పైపు ఒక్కటే ఆ బరువు మోయలేదు. ఇక్కడా అదే జరిగింది. పైపు అతుకు ఊడింది, కరెంటు వైరు తెగింది, మోటరు పోయింది.

నారాయణప్పకు ఉన్నది ఆ ఒక్క బోరు. దాని మీద చీనీతోట, కోస్తావాళ్లు బత్తాయి అంటారు. ఏళ్లు సాకితే కాని చీనీచెట్టు కాపుకు రాదు. ఆ తోట అప్పుడే తొలికాపులో ఉంది. మండే ఎండలో నీళ్లు ఆగితే చావడానికి మాత్రం దానికి ఏళ్లు అక్కర్లేదు. నేను వెళ్లేసరికి ఆయన భార్య లక్ష్మమ్మ ట్యాంకరు నీళ్లను బిందెలతో చెట్ల మొదళ్లలో పోస్తోంది.

నేను తాడు సంగతి చూడటానికి వెళ్లాను. అక్కడ ఎవరికీ తాడు మీద ధ్యాస లేదు. అందరి కోపమూ ఓబులేసు మీద ఉంది. ఓబులేసు మోటరు మెకానిక్. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి మోటరు ఎక్కించాలన్నా దించాలన్నా అతనే. పడిపోయిన మోటరును గాలం వేసి పైకి తీయడం కూడా అతనికే చేతనవును, ఆ పనికి కూలి ఎక్కువ. ఆ ఏడు ఆ పక్కనే ఇంకో బోరులో కూడా మోటరు పడింది. ఇంకేముంది, కూలి కోసం ఓబులేసే దించేటప్పుడు బ్లేడుతో తాడుకు గాటు పెడుతున్నాడని ఊరంతా పుకారు. ఆదివారం నాలుగు ఊళ్ల పెద్దమనుషులను పిలిచి, ఇక ఓబులేసును ఎవరూ పనికి పిలవకూడదని చెప్పించాలని నారాయణప్ప తీర్మానించుకున్నాడు. నేను వెళ్లింది శుక్రవారం.

తమాషా ఏమిటంటే, పడిన మోటరును తీయగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఓబులేసు ఒక్కడే. అతను రోజూ పొద్దున్నే గాలం, సామాను మోపెడ్ మీద వేసుకుని వచ్చి, పొలం గట్టు మీద కూర్చుని, సాయంత్రం వెళ్లిపోతున్నాడు. నారాయణప్ప దగ్గరికి రానివ్వడు. కదిరి నుంచి ఇంకెవరినో పిలిపించారట, ఆయన రేపు, ఎల్లుండి అంటున్నాడు. చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఓబులేసు చేత తీయించి, తగాదా తర్వాత చూసుకోవచ్చు కదా అని నారాయణప్పను అడిగాను.

"తోట ఎండినా సరే మేడమ్. నా బోరు మీద వాని చెయ్యి పడేది లేదు" అన్నాడు.

కోపంలో ఉన్న మనిషికి లెక్కలు చెప్పకూడదని నాకు తెలుసు. తాడు చూపించమన్నాను.

చీకట్లో ఎండ

రాతికూసానికి కట్టి ఉన్న తాడును పైకి లాగి చుట్టగా పెట్టారు. దాని అడుగున ఒక ముడి. ముడికి పైన ఉన్నది కొత్త తాడు, నిగనిగలాడే నీలం. ముడికి కింద జానెడు పాత తాడు, అక్కడ తెగింది. ముడి మొదట్లో తెగడం వింత కాదు. షెడ్డు నీడలో కూర్చుని భూతద్దం పెట్టాను.

బ్లేడు కాదని చూడగానే తెలిసింది. కోస్తే పోగులన్నీ ఒకే ఎత్తులో, చదునుగా ఉండాలి. ఇక్కడ లోపలి పోగులు బెత్తెడు బెత్తెడు సాగి, సన్నబడి తెగాయి. బయటి పోగులు మాత్రం పొట్టిగా, మొండిగా విరిగాయి. వాటి రంగు తెల్లబారింది. గోరు తగిలిస్తే పొడి రాలింది. అంటే బయటి పోగులు ఎప్పుడో చచ్చిపోయాయి. పేరుకు తాడు మందంగా ఉంది కాని బరువంతా లోపలి పోగులే మోశాయి. కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు ఒక కుదుపుతో తిరగడం మొదలవుతుంది. ప్రతి కుదుపూ ముడి దగ్గర ఆ మిగిలిన పోగుల మీదే పడింది.

ఇదంతా ఎండ చేసిన పని. సందేహం లేదు. కాని ఆ ముడి బోరులో మూడు పైపుల లోతున ఉన్నది. అక్కడ ఎండ ఎక్కడిది? కాసేపు నాకు మతి పోయింది. శేషగిరిరావు గారికి ఫోన్ చేశాను. బోరు లోపల ఎండ ఉండదు, నువ్వు చూసింది తప్పు, మళ్లీ చూడు అన్నారు. చివర్లో, బ్లేడు అని ఊరంతా చెబుతున్నప్పుడు మనకెందుకు అని కూడా అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. కొస చేతికి వచ్చాక ఊరి మాట వినమని చెప్పడం ఆయన నోటివెంట అదే మొదటిసారి.

లక్ష్మమ్మ బిందె దించి, మజ్జిగ తెచ్చిచ్చి, పక్కన కూలబడింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ముడి సంగతి అడిగాను.

"ఈ ముడి ఎప్పుడేసినారక్కా?"

"పోయిన ఎండాకాలం. నీళ్లు అడుక్కి పోయినాయి కదమ్మా. మూడు పైపులు ఎక్కువేసి మోటరు కిందికి దించితిమి. తాడు సాలకుంటే కొత్త తుండు తెచ్చి, పైకొసకు కట్టినారు."

"పైకొస అంటే యాడుండింది?"

"ఇదో, ఈ కూసానికి కట్టిండేది. బోరు ఏసినప్పటినుంచి ఆడే ఉండె."

లేచి రాతికూసం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నీడ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే చోటు. తాడంతా బోరు చీకట్లో ఉన్నా, కూసానికి కట్టిన ఆ రెండు మూడు బారలు మాత్రం ఏళ్ల తరబడి ఎండలో ఉన్నాయి. నీళ్లు కిందికి పోయినప్పుడు మోటరును కిందికి దించారు. కొత్త తాడు తుండును ఆ ఎండిన కొసకే ముడివేశారు. అలా ఎండ తిన్న ముక్క చీకట్లోకి దిగింది. మొత్తం బరువు దాని మీద పడింది.

అయితే ఆ పాడైన రెండు బారలు కోసిపారేసి, కింది మంచి తాడుకు కట్టవచ్చు కదా అన్నాను. లక్ష్మమ్మ నా వైపు, ఏమిటీ మనిషి అన్నట్టు చూసింది. ఆ పల్లెల్లో బోరులో మొదటిసారి మోటరు దించేటప్పుడు తాడు పైకొసకు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు టెంకాయ కొడతారు. ఆ కొసకు తర్వాత ఎవరూ కత్తి తగిలించరు. తగిలిస్తే నీళ్లు అలుగుతాయని వాళ్ల నమ్మకం. ఎన్నిసార్లు దించినా కొత్త తుండును ఆ కొసకు ముడివేయడమే. ఓబులేసు అన్ని బోర్లకూ అదే చేశాడు. అతనికి ముందు చేసినవాళ్లూ అదే చేశారు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది ఆ నమ్మకం మీద కాదు, మా మిల్లు మీద. ఎండను తట్టుకునే మందును బోరు తాడులో కలపనక్కర్లేదని మేమే అనుకున్నాం. బోరులో చీకటి కదా, దండగ ఖర్చు అన్నారు శేషగిరిరావు గారు. ఆయన ఊళ్లో ఒకసారి దించిన మోటరు దించిన చోటే ఉంటుంది. ఇక్కడ ప్రతి ఎండాకాలం నీళ్లు ఒక మెట్టు కిందికి దిగుతాయి, వాటి వెనకే మోటరు దిగుతుంది.

మిగతా సగం

మధ్యాహ్నం నారాయణప్పనూ, అక్కడున్న నలుగురినీ పిలిచాను. గట్టు మీదున్న ఓబులేసునూ రమ్మన్నాను. అతను వచ్చాడు కాని పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. కొడవలి అడిగి తీసుకుని, అదే తాడు కొత్త ముక్కను కోసి, కోసిన కొసనూ తెగిన కొసనూ పక్కపక్కన పెట్టి, భూతద్దం నారాయణప్ప చేతికిచ్చాను. ఆయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మొదటిది. పెద్దగా చదువుకోని మనిషి, కాని చూడటం వచ్చు. తల ఎత్తి ఓబులేసు వైపు చూడలేక, భూతద్దాన్ని పంచె కొసతో తుడుస్తూ కూర్చున్నాడు.

"రాప్పా ఓబులేసూ, ఈడ కూర్చో" అన్నాడు చివరికి. లక్ష్మమ్మ లోపలికి వెళ్లి ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చింది.

ఓబులేసు వచ్చి కూర్చుని మజ్జిగ అందుకున్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నేను అక్కడితో ఆపి ఉంటే అందరూ సంతోషంగా ఇళ్లకు పోయేవాళ్లు. బ్లేడు కాదు అన్నంతవరకే వాళ్లకు కావలసింది. నేను వచ్చిన పనికి అది సగం సమాధానం. మిగతా సగం ఓబులేసుకు నచ్చదు, మా మిల్లుకూ నచ్చదు. అయినా చెప్పాను. ఎండ తిన్న కొస ఎలా చీకట్లోకి వెళ్లిందో, దానికి ముడి వేస్తే ఏమైందో, ఆ తాడులో మేము కలపాల్సిన మందు ఎందుకు కలపలేదో మొత్తం చెప్పాను. నారాయణప్ప మొదట మా మిల్లును తిట్టాడు. పడ్డాను. పడాల్సిందే.

ఓబులేసు గ్లాసు కింద పెట్టి, ముడి ఉన్న ముక్కను చేతిలోకి తీసుకుని, తెల్లబారిన చోట గోటితో గీకాడు. పొడి అతని వేళ్లకు అంటింది.

"అట్లయితే నేను కట్టినవన్నీ ఇట్లే ఉండాయా మేడమ్?"

ఎండలో ఉన్న కొసకు కట్టినవన్నీ ఇలాగే ఉంటాయన్నాను. ఆ మాటే ఇంకొంచెం మెత్తగా చెప్పడానికి ప్రయత్నించాను, కుదరలేదు. అతను వేళ్లు మడుస్తూ ఊళ్ల పేర్లు తనలో తను అనుకోవడం మొదలుపెట్టాడు.

ఆ పొద్దే గాలం దించాడు. వారం తిప్పలు పడితే మోటరు వచ్చింది. పైగట్టు మీది చీనీచెట్లు అప్పటికే ఎండిపోయాయి. కిందివి బతికాయి. మోటరు మళ్లీ దించేటప్పుడు పాత కొసను ఏం చేయాలన్న పేచీ వచ్చింది. లక్ష్మమ్మే దారి చెప్పింది. పూజ చేసిన ముక్కను తీసి రాతికూసానికే చుట్టి కట్టేయమంది, గంగమ్మ అక్కడే ఉంటుంది, బరువు మాత్రం మోయదు అంది. కోసింది ఓబులేసే. కోసేముందు ముక్కకు దండం పెట్టుకున్నాడట.

మిల్లులో నా రిపోర్టు శేషగిరిరావు గారి బల్ల మీద రెండు రోజులు పడి ఉంది. మూడో రోజు పిలిచి, మందు సంగతి రాసిన పేరా తీసేయమన్నారు. నేను తెగిన కొసను ఆయన ముందు పెట్టాను. చాలాసేపు మైక్రోస్కోపు మీద వంగి కూర్చున్నారు. ఆయన కొస ముందు అబద్ధమాడలేరు, ఆయన గొప్పతనమూ ఆయన ఇబ్బందీ అదే. సంతకం పెట్టి, నా వైపు చూడకుండా ఇచ్చారు. కాని మేనేజరు సంతకం ఒకటి, యజమానుల ఒప్పుకోలు ఒకటి. మందు కలపడానికి ఏడాది పైగా పట్టింది. ఈలోపు తాడు చుట్టలకు, ఎండ తగిలిన కొసకు ముడివేయొద్దని తెలుగులో ఒక చీటీ అంటించాం. అంగట్లో తాడు కొలిచి అమ్మేవాడు ఆ చీటీ ఎవరికి ఇస్తాడు?

ఓబులేసు ముడులు

ఆ తర్వాత ఓబులేసు ఏం చేశాడన్నది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. ఊరూరూ తిరిగాడు. తను దించిన ప్రతి బోరు దగ్గరికీ పోయి, మోటరు పైకి తీయించండి, నా ముడి బాగలేదు, మళ్లీ కడతానని చెప్పాడు. నారాయణప్ప కొన్నిచోట్లకు వెంట వెళ్లి సాక్ష్యం చెప్పాడు. కొందరు విన్నారు. చాలామంది వినలేదు. పని కల్పించుకోవడానికి కొత్త ఎత్తు వేశాడన్నారు. నేను ఏ నింద నుంచి అతన్ని బయటపడేశానో, నా మాట విన్నందుకు అతను మళ్లీ అదే నింద మోశాడు. పైకి తీసే కూలి వద్దన్నాడు. వద్దన్నందుకు ఇంకా అనుమానించారు.

హనుమంతు అనే రైతు అతన్ని పొలంలోంచి గెంటినంత పని చేశాడు. నారాయణప్ప మోటరు అయిపోయింది, ఇప్పుడు నా దాని మీద కన్ను పడిందా అన్నాడట.

నేను రిటైరయ్యాక, మొన్న ఎండాకాలం, కదిరిలో పెళ్లికి పోతూ నల్లమాడ దగ్గర దిగాను. ఓబులేసు ఎక్కడున్నాడని అడిగితే హనుమంతు పొలం చూపించారు. హనుమంతు మోటరు పడిపోయింది. పడ్డాక ఓబులేసు కోసం అతనే వచ్చాడు. నేను వెళ్లేసరికి మోటరు పైకి వచ్చి, గట్టు మీద బురదతో పడి ఉంది. ఓబులేసు జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి నవ్వి, చేతులు తుడుచుకుని, హనుమంతు చేత మంచం వేయించాడు.

ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నది అడిగాను. ఆ రోజు నేను సగం చెప్పి ఆపి ఉంటే బాగుండేదా అని.

"నాకు బాగుండు మేడమ్. నా ముడి బాగలేదని నేనే ఊరూరు చెప్పుకునే పనుండదు కదా."

"మరి ఏంటికి చెప్పుకుంటివి? నేనేం నిన్ను తిరగమనలేదే."

అతను పాత తాడులో తెల్లబారిన ముక్కను కొలిచి కోస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. "కట్టింది నేను. ఈ రైతుల చెట్లన్నీ నా ముడికి ఏలాడతాండాయి. తెలిసినంక మీకు నిద్ర పట్టిండొచ్చు. నాకెట్ల పడుతుంది?"

నొప్పించాలని అన్నది కాదు. ఉన్నదే అన్నాడు. నాకు మాత్రం తగిలింది. మిల్లులో నా రిపోర్టు మీద సంతకం పడిన రోజు నేను హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను, నా పని అయిపోయిందనుకుని. ఆ సంతకానికీ, మందు కలిపిన తాడు బయటికి రావడానికీ మధ్య ఏడాది పైన గడిచిందనీ, ఆ ఏడాది అమ్మిన తాడంతా మందు లేనిదేననీ, అదిప్పుడు ఎవరెవరి బోర్లలోనో ఉందనీ ఓబులేసుకు తెలియదు. చెప్పాను. చెప్పకుండా ఆ మంచం మీద కూర్చోలేకపోయాను.

హనుమంతు తిట్టబోయాడు. ఓబులేసు చెయ్యెత్తి ఆపాడు. కోసిన ముక్కను పక్కన పెట్టి, నా ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

"ఏ ఏ ఊర్ల అంగళ్లకు పంపినారో చెప్పండి మేడమ్" అన్నాడు.

పెళ్లి సంగతి మరిచిపోయాను. గుర్తున్న ఊళ్లన్నీ ఒక్కొక్కటే చెబుతూ కూర్చున్నాను.